శివునకు తల్లియైన బెజ్జ మహాదేవి



బసవపురాణమున పాల్కురికి సోమనాథకవి కీర్తించిన భక్తులలో బెజ్జ మహాదేవి ఒకతె. ఆమె రాజ్యములేలినది కాదు, పరవాదులను గెలిచినది కాదు. ఆమెకు కలిగిన చింత ఒక్కటే. లోకమున ప్రతి ప్రాణికిని తల్లి యున్నది, శివునకు మాత్రము లేదు. తల్లియే యున్నచో ఆ బిడ్డ తల జడలు కట్టనిచ్చునా? విషము నోట పోసికొనుచుండగా చూచుచు ఊరకుండునా? వల్లకాటిలో తిరుగుచు ఇంటింట బిచ్చమెత్తుకొను గతి పట్టనిచ్చునా? ఇట్లు తలపోసి, ఆ తల్లిని తానే యగుదునని ఆమె నిశ్చయించుకొన్నది. లింగమునకు నూనె అంటి నలుగు పెట్టినది, నీళ్లు పోసినది, పాలు పట్టినది, ఒడిలో నుంచుకొని జోకొట్టినది. స్వామి ఆమెను పరీక్షింపదలచి జబ్బు పడిన బిడ్డవలె నటించినపుడు, బిడ్డకు లేని బ్రతుకు తనకేల యని ప్రాణములకు తెగించినది. అప్పుడు శివుడు ప్రత్యక్షమైనాడు.

పురాణ కాలక్షేపములలో ఈ కథను వాత్సల్యభక్తికి దృష్టాంతముగా చెప్పుదురు. అది సత్యమే. అయితే ఇందు ఇంకొక విశేషము కలదు. శివునకు తల్లి లేదనుట పండితులకు గొప్ప సిద్ధాంతము. ఆయన అనాది, అయోనిజుడు, జన్మరహితుడు. వారు ఆ మాట విని చేతులు జోడించిరి. బెజ్జ మహాదేవి ఆ మాటయే విని కంట నీరు పెట్టుకొన్నది. జడలు తపస్సునకు గురుతని లోకము తలచినచోట, తల దువ్వువారు లేరని ఆమె గ్రహించినది.

దిక్కులేని బిడ్డను గుర్తించుటకు ఇట్టి చూపే కావలెను. ఎందుకనగా ఏ బిడ్డయు తన దిక్కులేనితనమును నుదుట వ్రాసికొని రాడు. బడికి ఆలస్యముగా వచ్చువాడు సోమరి యనిపించుకొనును. చిరిగిన చొక్కావాడు మురికివాడనిపించుకొనును. చీకటి పడినను వీధిలో నున్నవాడు తిరుగుబోతనిపించుకొనును. వానిని పిలుచువారెవరైన ఇంటిలో నున్నారా యని అడుగువారు అరుదు.

ఈ ప్రశ్నను తణుకు పరిసరములలో అడిగి చూడవలసి యున్నది. గోస్తనీ తీరమున నన్నయభట్టు యజ్ఞము చేసెనని పెద్దలు చెప్పుకొను ఊరు ఇది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు ఈ సీమను వరికిని, చెఱకునకును, కొబ్బరికిని పెట్టినది పేరుగా చేసినవి. 1947లో ఆంధ్రా షుగర్స్ ఇచట వెలసినది. పైకి చూచువానికి అనాథ యను మాటకు ఇచట తావే లేదని తోచును. కాని కాలువ నీరు ప్రతి ఇంటి గడపకును సమానముగా చేరలేదు. సెంటు భూమి లేని కూలీ కుటుంబముల నుండి స్త్రీలు కువైటు మొదలైన గల్ఫు దేశములకు ఇంటిపనికై పోవుట ఉభయ గోదావరులలో దశాబ్దములుగా సాగుచున్నది. అప్పు తీర్చుటకు ఒకతె, ఇల్లు కట్టుటకు ఒకతె, కూతురి పెండ్లికి ఒకతె పోయినది. ముప్పది యేండ్లు నిండని స్త్రీని ఆ దేశములకు ఇంటిపనికై పంపరాదని భారత ప్రభుత్వ నియమము. వయసులో చిన్నవారి రక్షణకై చేసిన మంచి నియమమే అది. దాని ఫలితము వేరొక వైపు నుండి చూడవలెను. ముప్పది దాటి పోవు స్త్రీలలో పెక్కుమంది తల్లులు. వారు విడిచిపోవు పిల్లలు బడి వయసు పిల్లలు.

ఆ పిల్లలు అనాథలు కారు. నెలనెలకు డబ్బు వచ్చును, ఫోనులో తల్లి ముఖము కనబడును. అమ్మమ్మయో నాయనమ్మయో అన్నము వండి పెట్టును. ఆమెకు కన్ను సరిగా ఆనదు, అక్షరము రాదు, పదునాలుగేండ్ల మనుమని అదుపు చేయు శక్తి లేదు. బడి విడిచిన వేళ నుండి నిద్రపోవు వేళ వరకు ఆ పిల్లవానికి పెద్దదిక్కు ఒక చరవాణియే. కొన్ని ఇండ్లలో పండ్రెండేండ్ల ఆడపిల్ల తమ్ములకు తల్లియై పొయ్యి ముందు కూర్చుండును, ఆమె పుస్తకము మూలనుండును.

సోమనాథుడే చెప్పిన గొడగూచి కథ ఇచట జ్ఞప్తికి రాక మానదు. తల్లిదండ్రులు ఊరికి పోవుచు, స్వామికి నిత్యము నివేదించు పాల భారము ఆ పసిదానిపై పెట్టిరి. స్వామి పాలు త్రాగకున్న తండ్రి కోపించునేమో యని ఆమె గుడిలో ఏడ్చినది, బతిమాలినది, తల బాదుకొనబోయినది. శివుడు కరుణించి త్రాగినాడు. తిరిగి వచ్చిన పెద్దలు నమ్మక, ఆ పాలు అదియే త్రాగినదని దండింపబోయిరి. బిడ్డ లింగమును కౌగిలించుకొని అందులో ఐక్యమైనది. భక్తులు ఆ ఐక్యమును కొనియాడుదురు. అది తగినదే. అయినను పెద్దలు మోయవలసిన బరువును ఒంటరిగా మోసి, మోసినందులకు నింద కూడ పడిన పసిదాని భయమును చూడకుండ కథను ముగించుట న్యాయము కాదు. ఆమె పడిన భయమే ఈనాడు తమ్ముని జ్వరమునకు ఏ మందు వేయవలెనో తెలియక తలుపుకడ నిలిచిన పిల్ల పడుచున్నది.

ఇక నిజముగానే తల్లిదండ్రులను కోల్పోయినవారును కలరు. 1996 నవంబరు 6న కోనసీమపై పడిన తుఫాను ఎన్ని ఇండ్ల దీపములార్పెనో ఆ సీమవారెరుగుదురు. 2020, 2021 సంవత్సరముల మహమ్మారి పల్లె పట్టణ భేదము లేక అట్లే చేసినది. ఆ మహమ్మారికి తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లల పేర 10 లక్షల రూపాయలు జమచేయు పథకమును 2021 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినది. కేంద్ర ప్రభుత్వమును అట్టి ఏర్పాటునే చేసినది. ఇది మెచ్చదగిన పని. అయితే బ్యాంకులో నున్న సొమ్ము పిల్లవానిచే ఎక్కములు అప్పగింపించుకొనదు. ప్రగతి పత్రముపై సంతకము చేయదు. జాతరకు తీసికొనిపోదు.

బసవేశ్వరుని బాల్యమును గూర్చి రెండు సంప్రదాయములు కలవు. సోమనాథుని ప్రకారము తల్లిదండ్రులు జీవించియుండగనే, ఉపనయనమును నిరాకరించి బాలబసవడు ఇల్లు విడిచెను. కన్నడమున హరిహరకవి రచించిన బసవరాజదేవర రగళెలో మాత్రము, మాదరస మాదాంబలు బిడ్డ చిన్నతనముననే గతింపగా అవ్వ యొకతె అతనిని పెంచినట్లు కలదు. ఏది యథార్థమో చరిత్రకారులు తేల్చుకొందురు గాక. రెండింటిలోను సామాన్యమైన అంశము ఒకటి గమనింపదగినది. కన్నవారి నీడ లేని బాలునకు కూడలసంగమమున గురువు దొరికినాడు, చదువు దొరికినది, కూడు దొరికినది. ఆ సంగమేశ్వర క్షేత్రము ఆ బాలునకు తలుపు మూసియుండినచో కల్యాణ పట్టణమున అనుభవ మంటపము వెలసెడిదేనా? ఒక బిడ్డకు చోటిచ్చువారు ఎవరికి చోటిచ్చుచున్నారో ఆ దినమున వారికి తెలియదు.

శరణులు దానమను మాటకంటె దాసోహమను మాటను మిన్నగా ఎంచిరి. దానమున ఇచ్చువాని చేయి పైన నుండును, పుచ్చుకొనువాడు తల వంచవలెను. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. పంచాచారములలో భృత్యాచారము చెప్పునదియు ఈ వినయమే. పిల్లల విషయమున ఈ భేదము మాటల భేదము కాదు. పుస్తకములు పంచి, వరుసగా నిలువబెట్టి, ఛాయాచిత్రము తీయించి, దాత పేరు మూడు మారులు చదివించు సభలు ఊరూర జరుగుచున్నవి. ఆ వరుసలో నిలిచిన పిల్లవాడు మరునాడు బడిలో తోటివారి ముందు ఎట్లుండునో ఆ దాతలు ఒకసారి తలచుకొనుట మంచిది.

దాసోహము ఎట్లుండునో చూడగోరువారికి తుమకూరు సిద్ధగంగా మఠము కలదు. 1917లో ఉద్దాన శివయోగి స్వాములవారు ఆరంభించిన విద్యార్థి నిలయము, 1941లో పీఠభారము వహించిన శ్రీ శివకుమార స్వాములవారి కాలమున మహావృక్షమైనది. అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహము అచట నిత్యవ్రతము. సుమారు 10 వేల మంది పిల్లలు, కుల మత విచక్షణ లేక, ఒకే పంక్తిలో భుజించి చదువుకొన్నారు. స్వాములవారు స్వయముగా ఊరూర తిరిగి రైతుల కళ్లములలో ధాన్యము కూర్చినవారు. 2019 జనవరి 21న, 111 ఏండ్ల వయసున ఆ మహనీయుడు లింగైక్యము చెందినపుడు, పిల్లల మధ్యాహ్న భోజనము ముగిసిన పిదపనే ఆ వార్త వెలువడినది. పిల్లలు పస్తుండరాదన్నది ఆయన కోరిక.

గదగ పట్టణములోని వీరేశ్వర పుణ్యాశ్రమము వేరొక రీతిది. పంచాక్షరి గవాయిగారు అంధులు. హానగల్ల కుమారస్వాములవారి చేరదీతతో సంగీతము నేర్చి, తామును అంధులను అనాథలను చేరదీసి నేర్పిరి. ఆశ్రమ వ్యయమునకై నాటక సమాజము నడిపిరి. వారి కడకు మేనమామ చేయి పట్టుకొని వచ్చిన బాలుడే పుట్టరాజ గవాయి. 1914లో పుట్టి, బాల్యముననే చూపును, తల్లిదండ్రులను కోల్పోయినవాడు. 1944లో గురువు గతింపగా ఆశ్రమ భారము ఆ శిష్యుని భుజములపై పడినది. 2010లో పద్మభూషణుడై, అదే సంవత్సరము సెప్టెంబరులో దేహము చాలించు వరకు ఆయన నేర్పినవారు ఎందరో. చేరదీయబడిన బిడ్డయే చేరదీయువాడైనాడు. ఇచట పిల్లలకు కూడు పెట్టి ఊరకుండలేదు. బ్రతుకుటకు ఒక విద్యను చేతిలో పెట్టిరి. కాయకమనగా ఇదియే.

గోదావరి సీమకును ఈ విషయమున పూర్వపుణ్యము లేకపోలేదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ కాని వేళ వచ్చినవారికి సైతము వండి వడ్డించిరి. 2024 నుండి రాష్ట్రములోని బడుల మధ్యాహ్న భోజనము ఆమె పేరనే సాగుచున్నది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో పిఠాపురము మహారాజావారు, రఘుపతి వేంకటరత్నంనాయుడుగారి ప్రభావమున, కాకినాడలో అనాథ శరణాలయము నెలకొల్పి పోషించిరి. వారు బ్రహ్మసమాజ మార్గమువారు. మార్గము వేరైనను వారు చేసినది దాసోహమే యని ఒప్పుకొనుటకు లింగధారులకు సంకోచమేల?

తణుకు, పాలకొల్లు, భీమవరము ప్రాంతములలో లింగధారుల కుటుంబములు చెదరి యున్నవి. సిద్ధగంగవంటి మఠమును ఇచట కట్టగలమని ఆశపడుట నేల విడిచి సాము చేయుటయే. కట్టవలసిన అవసరమును అంతగా లేదు. పిల్లలను ఒకచోట చేర్చి ఉంచుట ధర్మకార్యమే గదా యని తలచువారు చట్టమును కూడ తెలిసికొనవలెను. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, రక్షణ కావలసిన పిల్లలను ఉంచుకొను ప్రతి సంస్థయు, అది మఠమైనను సత్రమైనను, నమోదు కావలెను. లేనిచో శిక్ష కలదు. దిక్కులేని బిడ్డ కంటబడినచో ఇరువది నాలుగు గంటలలోపల పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో, 1098 సంఖ్యకో తెలుపవలెను. బిడ్డను కుటుంబమునకు దూరము చేసి సంస్థలో నుంచుట కడపటి మార్గమే కావలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. దీనిని మఠములపై అనుమానముగా భావింపరాదు. తలుపులు మూసిన చోట పిల్లలకు జరుగు హాని ఎట్టిదో లోకము చూచుచునే యున్నది. కాషాయము గాని విభూతి గాని దానికి అడ్డుగోడ కాలేదు. పిల్లలున్న ఏ చోటనైనను తలుపు తెరచి యుండుట, ఇద్దరు పెద్దలు లేనిదే కార్యము సాగకుండుట, లెక్కలును హాజరును ఎవరడిగినను చూపుట, ఇవియును ఆచారములే యని ఎంచవలెను.

అవ్వ కడనే బిడ్డ నుండుట, ఆ అవ్వకు చేయూత నిచ్చుట ఈ ప్రాంతమునకు తగిన మార్గము. ప్రభుత్వము వారి మిషన్ వాత్సల్య పథకము క్రింద, తల్లిదండ్రులు లేక బంధువుల కడ పెరుగుచున్న పిల్లలకును, భర్తను కోల్పోయిన తల్లుల పిల్లలకును నెలకు 4,000 రూపాయల సహాయము కలదు. కుటుంబ వార్షికాదాయము గ్రామములలో 72,000, పట్టణములలో 96,000 రూపాయలు మించరాదు. ఈ సహాయము అందవలసిన వారిలో కొందరికి అట్టిది యొకటి కలదనియే తెలియదు. తెలిసినను మరణ ధ్రువపత్రము ఎచట తీసికొనవలెనో, దరఖాస్తు ఎవరికీయవలెనో ఆ ముసలితల్లికి తెలియదు. లింగధారుల ఇండ్లలో ఉద్యోగము చేసి విశ్రాంతిలో నున్న గుమాస్తాలు, ఉపాధ్యాయులు కలరు. కాగితపు పనిలో ఆరితేరిన వారి చేతులకు ఇంతకంటె తగిన కాయకము దొరకదు.

రెండవది సాయంకాలపు చదువు. ఇందు ఒక జాగ్రత్త వహింపవలెను. పూర్వము రాత్రి బడులు పెట్టినవారు సదుద్దేశముతోనే పెట్టిరి. పగలు పనికి పోవు పిల్లవానికి రాత్రి రెండక్షరములు నేర్పుదమని వారి తలంపు. ఆచార్య శాంతా సిన్హాగారి నాయకత్వమున రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన మామిడిపూడి వేంకటరంగయ్య ఫౌండేషను 1991 నుండి దీనిని గట్టిగా ప్రతిఘటించినది. రాత్రి బడి యున్నదను మాట, పగలు బిడ్డను పనిలో నుంచుటకు సాకగుచున్నదని వారు గ్రహించిరి. పని మానిపించి, శిబిరములలో చదువు అందించి, ఈడుకు తగిన తరగతిలో పగటిబడికే చేర్చిరి. ఈ మార్గమున వేలాది పిల్లలు బడి చేరిరి. 2003లో ఆమెకు మెగసేసే పురస్కారము లభించినది.

పాలకొల్లు క్షీరారామ స్వామి కథలోని ఉపమన్యు బాలునకు తల్లి పేదరికముచే పిండి కలిపిన నీరు పాలని యిచ్చినది. బాలుడు నోట పెట్టగానే అవి పాలు కావని ఎరిగి ఏడ్చినాడు. శివుడు ఆ బిడ్డకు పిండినీటితో సరిపెట్టుకొమ్మని బోధింపలేదు, పాలే యిచ్చినాడు. పగటిబడి లేని రాత్రిబడి పిండినీరే. కనుక సాయంకాలపు కేంద్రము పగటిబడికి తోడుగా నుండవలెనే గాని బదులుగా నుండరాదు. అచటికి వచ్చు ప్రతి పిల్లవాడు ఆ దినము బడికి పోయెనా యని మొదట విచారింపవలెను. పోకున్నచో ఎవరైన ఒకరు ఆ ఇంటికి పోయి కారణము కనుగొనవలెను. అయిదు గంటలకు ఒక పిడికెడు ఉడికించిన శనగలు, రెండు గంటల చదువు, చీకటి పడిన పిదప ఆడపిల్లలను ఇంటివరకు దిగబెట్టుటకు ఒక పెద్ద తోడు. దీనికి వలసినది ఒక చావడి, ఒక దీపము, విసుగులేని నలుగురు మనుషులు. దీపము, చావడి సులభముగనే దొరకును.

ఇట చేరు పిల్లలకు లింగధారణ చేయించవలెనా యని కొందరు పెద్దలు అడుగుదురు. సంఖ్య తగ్గిపోవుచున్నదను బాధ ఆ ప్రశ్నలో నున్నది, దానిని తేలికగా త్రోసివేయరాదు. అయితే ఇష్టలింగము ఇష్టముతో ధరింపవలసినది. ఆకలిగొన్న బిడ్డ శనగల పిడికిటి కొరకు దేనికైన తల యూపును. ఆ తలయూపును దీక్ష యనుట దీక్షకే అపచారము. కువైటులోనున్న తల్లి తన బిడ్డ పూజించు దైవమును మార్చుటకు ఎవరికిని అధికారమిచ్చి పోలేదు. సిద్ధగంగ పంక్తిలో అన్ని మతముల పిల్లలు కూర్చుండిరి, మఠమునకు లోపము కలుగలేదు.

కార్యమునకు పూనుకొనువారు మొదట తమ వీధి బడి ప్రధానోపాధ్యాయుని కలిసికొని, ఇంటిలో పెద్దలు లేని పిల్లలెవరో, తరచు బడి మానువారెవరో మెల్లగా అడిగి తెలిసికొనవచ్చును. ఆ జాబితా సభలో చదువదగినది కాదు. పదిమంది పిల్లలు చాలుదురు. తల్లి ఫోను చేయు వేళ కనుగొని, ఆమెతో ఇంటి పెద్దావిడ యొకతె మాటాడి, అమ్మా, నీ బిడ్డ ఫలానిచోట చదువుకొనుచున్నాడని చెప్పుటయు మరువరాదు. దూరదేశమున పరాయి ఇంటి పిల్లలను సాకుచున్న ఆ తల్లికి ఆ మాట ఎట్లుండునో ఊహింపవచ్చును.

ఏప్రిల్ చివరి నుండి జూన్ రెండవ వారము వరకు బడులకు సెలవులు. ఆ రోజులలో మధ్యాహ్న భోజనము లేదు, విచారించు ఉపాధ్యాయుడు లేడు. పిల్లలు పనులకు మరలునదియు, కాలువలలో ఈతకు దిగునదియు అప్పుడే. వైశాఖ శుద్ధ తదియనాటి బసవ జయంతి పెక్కు సంవత్సరములలో ఆ సెలవులలోనే వచ్చును. ఆ దినమున ఒక పూట సంతర్పణకు వెచ్చించు బియ్యమును, పప్పును లెక్క వేసినచో, పదిమంది పిల్లలకు బడి తెరచువరకు మధ్యాహ్నపు అన్నమునకు సరిపోవును.